ఎర్ర దుప్పటి సినిమా

హైదరాబాదులో మా అమ్మాయి ఈడు పిల్లలు కొందరు ఒక సినిమా సంఘం నడుపుతున్నారు. నెలకోసారి ఏదో చిన్న హాలు కిరాయికి తీసుకుని పాత సినిమా వేస్తారు. పాత సినిమా అంటే గొప్ప సినిమా అనుకోవద్దు. ఎంత అధ్వానంగా ఉంటే వాళ్లకు అంత ప్రీతి. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకునే నాకు అక్కడ పనేమీ లేదు గానీ, మా అమ్మాయి స్నేహితురాలికి ఆ రోజు జ్వరం వచ్చి ఒక టికెట్టు మిగిలిపోయింది. దాన్ని వృథా చేయడం ఇష్టంలేక నన్ను వెంట తీసుకుపోయింది. హాలు గుమ్మం దగ్గర అతికించిన బొమ్మలో నీలం లాగు తొడుక్కున్న మనిషి ఒకడు గాలిలో బోర్లా పడుకుని ఉన్నాడు. మెడకు కట్టుకున్న ఎర్ర గుడ్డ వెనక్కి ఎగురుతోంది. చూడగానే పోల్చుకున్నాను. కింద రాసిన పేరే కొత్తగా అనిపించింది. బాగానే ఉంది, సంస్కృతంలో ఉంది. మా ఊళ్లో ఆ సినిమాను ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. మాకది ఎర్ర దుప్పటి సినిమా.

పిల్లల్లో సగంమంది మెడలకు ఎర్ర గుడ్డలు కట్టుకుని వచ్చారు. హీరోను వేలాడదీసిన తీగ కనబడినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. అతను ఎగురుతుంటే వెనకనుంచి మబ్బులు పోతాయి కదా, ఆ మబ్బుల్లో ఒకటి అచ్చం బర్రెలా ఉంటుంది. ఆకాశంలో ఎటు పోయినా అదే బర్రె ఎదురవుతుంది. అది వచ్చినప్పుడల్లా హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. దుర్మార్గుడి ప్రయోగశాలలో రంగునీళ్ల సీసాలు పొగలు కక్కుతుంటే, డబ్బారేకులతో చేసిన యంత్రమనిషి నడుస్తూ నడుస్తూ లోపల తుమ్మాడు. దానికి లేచి నిలబడి మరీ ఈలలు వేశారు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. పెళ్లిలో ముసలి మేనమామ ఆడుతుంటే నవ్వినట్టు నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లకంటే ఒక క్షణం ముందే నవ్వాను, తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు కనుక. చివరికి హీరో తల్లి కాళ్లకు మొక్కి, వాకిట్లోంచి పైకి లేచి, చిన్న చుక్కై బర్రె మబ్బులో కలిసిపోయాడు. తల్లి నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని చూసింది. నేను వంగి కుర్చీ కింద చెప్పులు వెతుక్కున్నాను.

"ఎక్కడికి డాడీ?"

"అయిపోయింది కదా."

"ఇంకా ఉంది. కూర్చో."

మాకు ముప్పై ఏళ్ల కిందట అయిపోయిన సినిమా హైదరాబాదులో ఇంకా ఉంది. మిగిలిన ఆ కాసేపట్లో అతను ఆకాశంలోంచి దిగి ఇంటికి వచ్చాడు. పిల్లలు నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఎవరో నా జేబులోంచి ఏదో తీసుకుని, దాని బదులు అంతకంటే విలువైనదే పెట్టి, అది మాత్రం ఈ ఊళ్లో చెల్లదని చెప్పినట్టుగా ఉంది.

మా ఊరు మక్తల్ దాటి కర్ణాటక వైపు పోయే దారిలో, దారి కూడా కాస్త విసుగుపడే చోట ఉంటుంది. ఎండాకాలంలో ఊరి బయట ఖాళీ జాగాలో టూరింగ్ టాకీసు డేరా వేసేవారు. మా దాకా వచ్చే సినిమా అప్పటికే హైదరాబాదులో ఆడి, మహబూబ్‌నగర్‌లో ముసలిదై, మక్తల్‌లో మంచం పట్టి ఉండేది. రీళ్ల నిండా గీతలు. తెర మీద ఎప్పుడు చూసినా వాన కురుస్తున్నట్టే ఉండేది. మా వైపు వాన చూడాలంటే అదొక్కటే నమ్మకమైన మార్గం. కిరోసిన్ వాసన, జనరేటర్ పొగ, బీడీలు, వేయించిన పల్లీలు, కొత్తగా తడిపిన మట్టి. ఇవన్నీ కలిస్తే నాకు సినిమా. తెర మీద మాట్లాడే తెలుగు మాది కాదు. దేవుళ్లు, పోలీసులు, ఎగిరేవాళ్లు ఆంధ్రా తెలుగులో మాట్లాడతారని, మామూలు మనుషులు మనలా మాట్లాడతారని చాలాకాలం అనుకున్నాను. ఇంటర్‌లో చేరాక లెక్చరర్లు కూడా ఆ మొదటి జాబితాలో చేరారు.

టాకీసు సేటుకు రెండు డేరాలుండేవి. ఒకటి రోడ్డు మీది ఊళ్లో, ఒకటి మా ఊళ్లో. సినిమా మాత్రం ఒక్కటే. అక్కడ ఆట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడిన రీళ్ల డబ్బాలు సాయంత్రం బస్సులో కొన్ని, ఆ తర్వాతి బస్సులో కొన్ని మాకు వచ్చేవి. చివరి డబ్బా వచ్చే వేళకు బస్సు ఉండదు కనుక సేటు మనిషి కిష్టప్ప సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాడు. ఎర్ర దుప్పటి సినిమా వచ్చిన వారంలో కిష్టప్ప పెళ్లి. సొంత పెళ్లి కావడంతో పోక తప్పలేదు. వేరే మనిషిని పెట్టడం సేటుకు ఇష్టంలేదు, ఆట నిలిపేయడం అంతకన్నా ఇష్టంలేదు. హీరో మబ్బులో కలిసిపోగానే జనరేటర్ దీపాలు వేయించి, మైకు పట్టుకుని తన నోటితోనే "శుభం" అన్నాడు. వారమంతా అలాగే అన్నాడు. చివరి డబ్బా ఒకటి ఉందని మాకెవరికీ తెలియలేదు; ఈ లెక్కంతా హైదరాబాదు హాల్లో కూర్చున్నాకే నాకు కలిసింది. పెద్దవాడు శుభం అన్నాక ఇంకేం ఉంటుంది?

డేరా నుంచి ఇంటికి నడుస్తూ మా వాళ్లు ఆ సినిమా గురించి మాట్లాడుకున్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. అవ్వ ముందు, చుట్ట వెలిగించుకుని. వెనక బాపు, అంటే మా నాన్న. ఆ వెనక మా చిన్నాయన ఉసేనప్ప, బిడ్డను భుజాన వేసుకుని. పక్కన చిన్నమ్మ.

"ఇంతకు యాడికి పోయిండట వాడు?" అంది అవ్వ.

"పనికి పోయిండు," అన్నాడు బాపు.

"ఏం పనికి?"

"ఏదో ఒకటి దొర్కదా? ఒళ్లు గట్టిగున్నోడు. బస్సు కిరాయి గూడ లేకపాయె."

అవ్వకు సందేహం తీరింది. ఇది చదివేవాళ్లు నవ్వవచ్చు గానీ, మా జిల్లాలో అప్పుడు మట్టి పనికి పోని ఇల్లు లేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా, కాలువ తవ్వినా, కొండకు బొక్క పెట్టినా పాలమూరు లేబర్ పేరుతో మావాళ్లు ఉండేవారు. దీపావళి దాటాక మేస్త్రీ లారీ వస్తుంది, మగవాళ్లు ఎక్కుతారు, తల్లి వాకిట్లో నిలబడి నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని చూస్తుంది, ఎండ కళ్లల్లో పడుతుంది కనుక. ఆ సినిమాలో మాకు పూర్తిగా నమ్మబుద్ధయిన సీను అదొక్కటే. ఎగరడం కూడా పెద్దగా పట్టించుకోలేదు. మా చిన్నాయనకు కోపం తెప్పించింది మాత్రం ఆ సినిమాలో తెగిపోయే ఆనకట్ట. హీరో రొమ్ము అడ్డం పెట్టి దాన్ని ఆపుతాడు.

"అన్న, గా కట్ట చూసినవా? బొమ్మరిల్లు తీర్గ కట్టిన్రు. వాడు ఆపకుంటే తెగదా మరి? ముందు గా మేస్త్రీని పట్టుకోని తన్నాలె."

చిన్నాయన అప్పటికి రెండు మూడు ఆనకట్టలు మోసినవాడు. సన్నగా, పొడుగ్గా, వెదురుబొంగులా ఉండేవాడు. అతనికి ఉసేనప్ప అనే పేరు ఎందుకొచ్చిందంటే, కడుపులో ఉన్నప్పుడు అవ్వ పీర్లకు మొక్కుకుంది. మేము హిందువులమే. మా వైపు ప్రతి వాడకట్టులో ఒక ఉసేనప్ప, ఒక ఇమామప్ప, ఒక మైబమ్మ ఉంటారు. ఎవరూ దాన్ని వింతగా చూడరు. మొహర్రం నెలలో వెండి పంజాలను పొడుగు కర్రలకు కట్టి, రంగు గుడ్డలు చుట్టి పీర్లను నిలబెడితే, వాటిలో ఒకదాన్ని మా బాపు ఎత్తేవాడు. ఏడాదంతా నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి పీరు భుజాన ఉన్నప్పుడు పూనకంతో ఊగిపోయేవాడు. పండుగ కాగానే మళ్లీ నాలుగు మాటలకు వచ్చేవాడు. ఆ పది రోజులు మా ఇంట్లో ఊదు వాసన, బెల్లం పానకం వాసన, జొన్నరొట్టె మాడిన వాసన. చిన్నమ్మకు రొట్టె కొడుతూ మాట్లాడే అలవాటు. మాట బాగా పాకాన పడ్డప్పుడు రొట్టె మాడేది. అవ్వ ఆ మాడిన రొట్టెను నాకు వేసి, చదువుకునేవాడికి మంచిదనేది. ఏ శాస్త్రంలో ఉందో నేను అడగలేదు.

సినిమా చూసిన తెల్లారినుంచి చిన్నాయన బిడ్డను నవ్వించడానికి కొత్త ఆట కనిపెట్టాడు. వాకిట్లో నులకమంచం మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ ముందుకు చాచి, చిన్నమ్మ ఎర్ర దుప్పటి మెడకు కట్టుకునేవాడు. నేను మంచం కోడు పట్టుకుని ఊపాలి. ఆ దుప్పటి చిన్నమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్నది. సందుగలో ఎండిన వేపాకుల మధ్య దాచుకునేది. "సింపుతవు. నీ ఎగురుడు పాడుగాను," అని ఆమె పొయ్యి దగ్గరినుంచి అరిచేది, కానీ వచ్చి లాక్కునేది కాదు. బిడ్డ మైబమ్మకు అప్పటికి మాటలు సరిగా రావు. బర్రె మబ్బు వంతు కూడా చిన్నాయనే అందుకుని అంబా అంటే, పిల్ల ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వేది.

ఆ ఎక్కిళ్లే ఒకనాడు ఫిట్స్ అయ్యాయి. జ్వరం, కళ్లు తేలేయడం, నోట్లో నురగ. మక్తల్ దవాఖానలో డాక్టరు మందులిచ్చి, రెండు దినాలు చూద్దామన్నాడు. చూడడమంటే ఆశ వదులుకోమనడమేనని మా వైపు అందరికీ తెలుసు. చిన్నాయన బిడ్డను చిన్నమ్మ ఒడిలో ఉంచి, ఎవరికీ చెప్పకుండా ఊరికి వచ్చి, నేరుగా పీర్ల కొట్టానికి పోయాడు. పీర్లను కనిపెట్టుకుని ఉండే ముజావరు ఇమాంసాబు గుమ్మంలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడట.

"ఇమాంసాబు, నా బిడ్డ బతికితే ఏటేటా పీర్ల ముంగట వేషం కడ్త. దాని పెండ్లయ్యేదాంక కడ్త."

మొహర్రానికి మొక్కుకున్నవాళ్లు వేషం కట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఎక్కువగా పులి వేషం, లేకుంటే ఫకీరు. మొక్కేటప్పుడే ఏ వేషమో చెప్పాలి. తర్వాత మార్చడానికి లేదు.

"ఏం వేషం?" అన్నాడు ఇమాంసాబు.

చిన్నాయన తలలో ఆ క్షణాన పులి లేదు, ఫకీరు లేడు. దవాఖాన మంచం మీద కళ్లు తేలేసిన పిల్ల ఉంది, వారం కింద ఆ పిల్ల దేన్ని చూసి నవ్విందో అది ఉంది. "ఎర్ర దుప్పటి," అన్నాడు.

ఇమాంసాబు కూడా ఆ సినిమా చూసినవాడే. సూదిని చెప్పులో గుచ్చి కాసేపు ఆలోచించాడట. "పులికైతే రంగులకు కర్సయితది. దుప్పటికేముంది? కానీ. పీరుకు మొక్కు ముఖ్యం, బట్ట గాదు," అన్నాడు. అలా మా ఊళ్లో ఒక సినిమా హీరో పీర్ల మొక్కులోకి వచ్చాడు.

మైబమ్మ బతికింది. ఇంటర్ సైన్సు చదువుతున్నాను కనుక నేను మందు పనిచేసిందన్నాను. అవ్వ పీరు పనిచేసిందంది. బాపు ఇద్దరికీ తలూపాడు. చిన్నమ్మ ఎవరితోనూ వాదించకుండా సందుగ తెరిచి దుప్పటి తీసి, దర్జీ ఖాజా మియా దగ్గరికి తీసుకుపోయింది. ఆయన దానికి మెడ దగ్గర రెండు నాడాలు కుట్టి, అంచు మడిచి, "ఇది ఎగిరేటిది గదా, బరువుండద్దు," అంటూనే, పుట్టింటి దుప్పటి పాడవకూడదని మిగిలిన గుడ్డ కత్తిరించకుండా లోపలికే మలిచి ఇచ్చాడు. నీలం లాగు నాది. చిన్నాయనకు మోకాళ్ల కిందికి వచ్చి ఆగిపోయేది. ముఖానికి మసి పూసి కళ్లజోడులా గీసింది అవ్వ. పండుగ రోజు పగలు డప్పుల వెనక రెండు పులులు, ఒక ఫకీరు, చేతులు ముందుకు చాచి వీధంతా పరిగెత్తే మా చిన్నాయన. మొదటి ఏడాది పులులు కొంచెం నామోషీ పడ్డాయి. వాటిలో పెద్ద పులి, వడ్ల వీరప్ప, చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని అన్నాడు, "ఏం చేద్దాం ఉసేనప్ప, నీకు ఎగురుడు రాదు, మాకు కరుసుడు రాదు. నడువ్, పోదాం."

అట్లా కొన్నేళ్లు సాగింది. మొహర్రం ఏడాదికేడాది కొన్ని రోజులు వెనక్కి వస్తుంది. మొదట్లో అది వానలు పడి, పనులు బందై, మనుషులు ఇళ్లకు చేరాక వచ్చేది. రాను రాను ఎండాకాలంలోకి, పని ముమ్మరంగా ఉండే రోజుల్లోకి జరిగింది. చంద్రుడి లెక్క కాంట్రాక్టర్లకు తెలియదు. చెప్పినా వినరు. చిన్నాయన ప్రతిసారీ ఏదో ఒక అబద్ధం చెప్పి వచ్చేవాడు. ఒక ఏడు అవ్వను చంపాడు, ఇంకో ఏడు బాపును చంపాడు. "మల్లొచ్చే ఏడు నీ వంతురా," అని నాతో అన్నాడు. నేను అప్పటికి మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. పరీక్షలకంటే అది నయమన్నాను.

ఆ మల్లొచ్చే ఏడు ముందటి దీపావళి తర్వాత మేస్త్రీ లారీ వచ్చింది. పోయేది మహారాష్ట్రలో ఎక్కడో కొండల్లో, సొరంగం పని. అక్కడ చలి ఎక్కువంటున్నారు. చిన్నాయన సందుగ తెరిచి ఎర్ర దుప్పటి తీశాడు.

"మొక్కు దుప్పటి. ఇంట్లోంచి తీస్తే ఎట్ల?" అంది చిన్నమ్మ.

"పండుగకు దెస్త గద. ఈసారి ఇంటికి గూడ రాను, సీదా పీర్ల కొట్టం ముంగటనే దిగుత."

"ఎగిరొస్తవా?"

"బస్సు దొర్కకుంటే గట్లనే."

ఆమె దుప్పటి మడత పెట్టి సంచిలో సర్దింది. అప్పటికి అది కొంచెం వెలిసి ఇటుకరంగుకు వచ్చింది. లారీ మీద గంపలు, గడ్డపారలు, బియ్యం మూటలు. చిన్నాయన మూటల మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ ముందుకు చాచాడు. లారీ కదిలింది. సాగనంపడానికి వచ్చినవాళ్లంతా నవ్వారు. మైబమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. చిన్నమ్మ నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని చూసింది, మా వాళ్లందరూ చూసినట్టే.

పండుగ వచ్చింది. అతను రాలేదు. గుంపు మొత్తం వానలకు తిరిగొచ్చింది, అతను రాలేదు. మేస్త్రీని అడిగితే, మధ్యలో వేరే గుంపుతో పోయాడన్నాడు. ఏ గుంపంటే తెలియదన్నాడు. బాపు, నేను రైలెక్కి ఆ కొండల్లోకి పోయాం. బాపుకు హిందీ రాదు, నాకు వచ్చిన హిందీ పాఠ్యపుస్తకంలోది. అక్కడ గుడారాలు పీకేసి ఉన్నాయి. సొరంగం మాత్రం ఉంది, చీకటిగా, చల్లగా. మిగిలిన ఆఫీసు గదిలో ఒక ముసలి కాపలాదారుని ఉసేనప్ప అని అడిగితే, అతను మర్యాదగానే జవాబిచ్చాడు. అక్కడ మావాళ్లను పేర్లతో పిలవరట. అందరూ పాలమూరువాళ్లే. ఒక పాలమూరువాడు ఉన్నాడా అంటే ఉన్నాడు, లేడా అంటే లేడు. ప్రమాదమేమన్నా జరిగిందా అని అడిగితే, అలాంటివి తనకు చెప్పరన్నాడు. తిరుగు రైల్లో బాపు ఒక్క మాటే మాట్లాడాడు. "పాపం, మంచోడు. నీళ్లిచ్చిండు," అన్నాడు. కాపలాదారు గురించి.

ఆ తర్వాత చాలాకాలం చిన్నాయన కనబడుతూనే ఉన్నాడు. పూనా స్టేషన్‌లో ఎవరో చూశారు, ఎర్ర దుప్పటి కప్పుకున్నాడట. షోలాపూర్‌లో ఎవరో చూశారు. గుజరాత్‌లో కూడా. దేశంలో ఎర్ర దుప్పట్లు చాలా ఉంటాయని మాకు అప్పుడు తెలిసింది. ప్రతి వార్తకూ బాపు ఎవరినో ఒకరిని పంపేవాడు. వాళ్లు వేరే మనిషిని చూసి వచ్చేవారు.

పండుగ మళ్లీ వచ్చేసరికి ఇమాంసాబు, ఖాజా మియా, వీరప్ప కలిసి మా ఇంటికి వచ్చారు. మొక్కు ఇప్పటికే ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పితే మంచిది కాదు. ఖాజా మియా చంకలో కొత్త ఎర్ర గుడ్డ ఉంది. ఇమాంసాబు నన్ను చూపించాడు.

"డిగ్రీ సదివెటోడైనా ఎత్తుగున్నడు. ఇంటి మగపిల్లగాడు కట్టొచ్చు, తప్పు లేదు."

నేను ఒప్పుకునేవాణ్ణే. బాపు తలూపడానికి సిద్ధంగా ఉన్నాడు. చిన్నమ్మ లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది.

"ఆయన పానంతోటి ఉండంగ ఇంగొకలు ఎట్ల కడ్తరు, మామా?"

వేరేవాళ్లు వేషం కడితే దాని అర్థమేమిటో అప్పుడు అందరికీ తెలిసింది. ఖాజా మియా చంకలోని గుడ్డను చొక్కా కిందికి తోసుకున్నాడు.

"అది గాదు బిడ్డ, మొక్కు తప్పితే పిల్లకు..." అని అవ్వ మొదలుపెట్టి, చుట్ట నోట్లో పెట్టుకుంది.

ఆమె ముందు రెండే దారులున్నాయి. మొక్కు చెల్లిస్తే మొగుడు లేడని ఒప్పుకున్నట్టు. చెల్లించకపోతే బిడ్డను పీర్లకు ఒప్పజెప్పినట్టు. చిన్నమ్మ బడికి పోలేదు గానీ మూడో దారి కనిపెట్టింది. పీర్లు నిలబడే ముందురోజే మైబమ్మను తీసుకుని కృష్ణ అవతల పుట్టింటికి పోయింది. మా ఊరి పీర్లకు బిడ్డ కనబడకూడదు. పండుగ అయిపోయి, పీర్లను మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేశారని కబురొచ్చాకే తిరిగొచ్చేది. ఏటేటా అదే పని. చంద్రుణ్ణి చూసి మూట కట్టుకునేది. పీర్లకు ఏరు దాటడం రాదా అని నేనొకసారి నవ్వుతూ అన్నాను. "ఎవల ఊరు వాళ్లదే గద," అంది ఆమె, ఏమాత్రం నవ్వకుండా. బాపు ఆ పది రోజులూ పీరును ఎత్తుకుని మా ఇంటి ముందునుంచి పోతుంటే మా గుమ్మం మూసి ఉండేది. పూనకంలో ఉన్నా ఆ గుమ్మం వైపు తిరిగేవాడు కాదు.

మైబమ్మకు ఏమీ కాలేదు. పెళ్లయింది. కాళ్లు కడిగింది మా బాపే. మొక్కు గడువు ఆ రోజుతో తీరింది గనుక చిన్నమ్మ తర్వాతి మొహర్రానికి ఎక్కడికీ పోలేదు. గుమ్మం తెరిచే ఉంచింది. బొట్టు తీయలేదు, మట్టెలు తీయలేదు. ఎన్నేళ్లు కనబడకపోతే ఏం చేయాలో కులంలో పెద్దలు చెప్పారు. ఆమె విన్నది. పెద్దలు ఒక్కొక్కరే పోయారు. ఆమె బొట్టు ఉంది.

ఇప్పుడు మా ఊళ్లో డేరా వేసే జాగాలో పత్తి తూచే కాంటా పెట్టారు. పులి వేషం కట్టేవాళ్లు లేరు. వీరప్ప కొడుకు పటాన్‌చెరులో కాపలా పనిలో ఉన్నాడు. పొలాలకు కొన్నిచోట్ల కాలువ నీళ్లు వచ్చాయి, కాలువ రాని చోట్ల కాలువ వస్తుందన్న బోర్డు వచ్చింది. మనుషులు పోవడం తగ్గలేదు. అప్పుడు పోయినవాళ్ల కబురు లేకపోతే ఏడాది ఆగేవాళ్లం. ఇప్పుడు పోయినవాళ్లు రోజూ ఫోన్‌లో ముఖం చూపిస్తారు, తిన్నారా అని అడుగుతారు, వెనక గోడకు సున్నం లేని గది కనబడుతుంది. ఇది బాగుపడడమేనని నేను తరగతిలో చెప్తుంటాను. పరీక్షలో అదే రాస్తారు. ఆ రోజు హాల్లో ఎర్ర గుడ్డలు కట్టుకుని నవ్విన పిల్లల మీద నాకు కోపం లేదు. పాత రోజులు మీకు ఎంత బాగుండేవో కదా అంకుల్ అని వాళ్లలో ఒకమ్మాయి అంటే, అవునమ్మా అన్నాను. అబద్ధమేమీ కాదు. మంచం కోడు పట్టుకుని ఊపిన ఆ కొన్ని రోజులు నిజంగానే బాగున్నాయి.

మా అమ్మాయి ఆ సినిమాను నా ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చింది. నేను దాన్ని పట్టుకుని ఊరికి పోయాను. ఎందుకు పోయానంటే, చివరి డబ్బా చూపించాలని. దిగి వచ్చేది కూడా ఉందని తెలిస్తే ఆమెకు కాస్త నెమ్మదిగా ఉంటుందనుకున్నాను. ఎకనామిక్స్ చదివినవాళ్లు ఇంతకంటే మూర్ఖపు అంచనాలే వేశారు.

చిన్నమ్మ మైబమ్మతోనే ఉంటోంది. మైబమ్మ పత్తి మిల్లుకు పోయింది. పొద్దెక్కింది, వాకిట్లో నీడ గోడ దాకా వచ్చింది. అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని, తర్వాత దగ్గరగా పట్టుకుని చూసింది.

"వీడేనా? గింత సిన్నగున్నడేంది?"

"ఫోన్ చిన్నది చిన్నమ్మ."

"అగో, బర్రె." వేలితో చూపించింది. కాసేపటికి మళ్లీ, "అగో, మల్లొచ్చింది." ఆనకట్ట తెగేచోట ముందుపళ్లు ఊడిన నోటితో నవ్వింది. "గీ కట్టకు ఎంత కోపం జేసిండు. ఇంటికొచ్చి బువ్వ దినేటప్పుడు గూడ అదే లొల్లి."

హీరో వాకిట్లోంచి లేచాడు. చుక్కై మబ్బులో కలిశాడు. తల్లి నుదుటికి చేయి అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మ ఫోన్‌ను అరుగు మీద పెట్టి, మోకాళ్ల మీద చేతులాన్చి లేవబోయింది.

"ఉండు, చాయ పెడ్త."

"ఇంకా ఉంది చిన్నమ్మ. కూసో."

ఆమె నా ముఖంలోకి చూసి, మళ్లీ కూర్చుంది. తెర మీద తెల్లవారింది. తల్లి వాకిట్లో మంచం మీద ముడుచుకుని నిద్రపోతోంది. అతను పైనుంచి దిగాడు. తీగ బాగా కనబడుతోంది, దిగడంలో కొంచెం తూలాడు కూడా. మెడ దగ్గర ముడి విప్పి, ఎర్ర దుప్పటి తీసి, తల్లి మీద కప్పాడు. ఆమె లేచి, ఎప్పుడొచ్చావు అని అడగలేదు, తిన్నావా అని అడిగింది. అతను కాళ్లు కడుక్కుని కూర్చుని తిన్నాడు. అన్నం కలుపుకునే చేయి చాలాసేపు చూపించారు. అప్పుడు శుభం అని అక్షరాల్లో పడింది.

చిన్నమ్మ ఫోన్ నల్లబడేదాకా చూసింది.

"గీ ముక్క మనూర్ల ఎందుకెయ్యలేదు?"

చెప్పాను. రెండు డేరాలు, ఒక సినిమా, బస్సు లేని వేళ, సైకిలు, కిష్టప్ప పెళ్లి.

"గా కిష్టప్పదా? వాని పెండ్లికి మేమిద్దరం బోయినం గద. ఆయన బూందీ రెండుసార్ల పెట్టిచ్చుకుండు." మళ్లీ ఫోన్ వైపు చూసింది. "అయితే గీ ముక్క ఆయన సూడలే."

"చూడలేదు చిన్నమ్మ. ఎవరం చూడలేదు."

ఆమె ఫోన్‌ను కొంగుతో తుడిచింది. రెండు వైపులా తుడిచి నా చేతిలో పెట్టింది.

"దిగొచ్చేది ఉంటదని ఆయనకు తెల్వదన్నట్టు," అంది, చాయకు నీళ్లు పెట్టడానికి లేస్తూ.